మన చదరంగ సంఘం వార్షిక నివేదిక (2024-25), నల్లగొండ

సభ్యులకు, పిల్లల తల్లిదండ్రులకు నమస్కారం.

ఆదివారం క్లాసులు పరీక్షల రోజుల్లో తప్ప ఆగలేదు. పాడైన క్లాకులు బాగు చేయించాం. జమాఖర్చుల కాగితం విడిగా జత చేశాం, సందేహాలుంటే మీటింగులో అడగండి. ఈసారి చెప్పాల్సిందంతా గేముల పరిశీలన గురించే.

ఫిడే (ప్రపంచ చదరంగ సమాఖ్య) 2024 డిసెంబర్ రేటింగ్ లిస్టులో, అంటే ఆటగాళ్ల బలాన్ని అంకెల్లో చెప్పే జాబితాలో, మన వరంగల్ కుర్రాడు ఇరిగేశి అర్జున్ 2801కి చేరాక పిల్లల నోట ఒకటే మాట, రేటింగ్. అమ్మానాన్నల నోట ఇంకా ఎక్కువ. అందుకే ఒక క్లాసులో ఆ లెక్క బోర్డు మీద వేసి చూపించాం. ఆర్పాడ్ ఎలో అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ కట్టిన ఈ పద్ధతిని ఫిడే 1970లో తీసుకుంది. ఇద్దరి రేటింగుల మధ్య 200 తేడా ఉంటే వంద గేముల్లో పైవాడికి సుమారు 76 పాయింట్లు రావాలని అంచనా. అంటే కిందివాడికీ 24 ఉన్నాయి. 2300 కంటే తక్కువ రేటింగ్ ఉన్న పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకు కె విలువ (ఒక్క గేముతో రేటింగ్ ఎంత మారవచ్చో చెప్పే సంఖ్య) 40 కాబట్టి, సమానమైనవాడి చేతిలో ఓడితే ఒక్క గేముకే రేటింగులో 20 పోతాయి. ఇంటికెళ్లి తిట్లు తినాల్సినంత విషయం కాదది.

అయితే రేటింగుకు ఫలితం ఒక్కటే తెలుసు, ఎందుకు ఓడామో తెలియదు. అందుకని స్కోర్ షీటులో ప్రతి ఎత్తు పక్కన క్లాకులో మిగిలిన నిమిషాలు రాయించాం. ఆ గేములను స్టాక్‌ఫిష్ అనే చెస్ ఇంజిన్‌లో (ఎత్తులను లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రాంలో) పెట్టి, ఆడిన ఎత్తు వల్ల ఎంత నష్టమో బంటు విలువలో నూరో వంతుల లెక్కన చూశాం.

మిర్యాలగూడ నుంచి వచ్చే తొమ్మిదో తరగతి బాబుది ఒక గేము. ఒక ఏనుగు ఎక్కువ ఉంది. 27వ ఎత్తులో మంత్రితో దూరంగా ఉన్న బంటును కొట్టాడు. అప్పటిదాకా చివరి వరుసను కాస్తున్నది ఆ మంత్రే. ఎదుటి ఏనుగు దిగింది, మేట్. రాజు ముందు మూడు బంట్లూ కదలకుండా అలాగే ఉన్నాయి, తప్పుకోవడానికి చోటే లేదు. షీటులో ముందు ఎత్తు దగ్గర 31 నిమిషాలు, ఈ ఎత్తు దగ్గరా 31. అడిగితే "గెలిచిన అనుకున్న సార్" అన్నాడు. మిగతా షీట్లు తిరగేసినా ఇదే కథ. టైం అయిపోయి టెన్షన్‌లో చేసిన తప్పులు సరే, పైచేయిలో ఉండి, చేతినిండా టైం ఉండి చేసినవే మమ్మల్ని ఎక్కువ బాధపెట్టాయి.

మేమూ ఒక తప్పు చేశాం. తక్కువ నష్టం ఉన్నవాళ్లు పైన వచ్చేలా సగటు నష్టాల పట్టిక నోటీసు బోర్డుకు అంటించాం. పావులన్నీ తొందరగా మార్చేసుకుని డ్రా చేసుకునే అబ్బాయి పేరు పైన వచ్చింది. చిక్కులేని పొజిషన్‌లో తప్పెవరు చేస్తారు? ధైర్యంగా దాడికి దిగే అమ్మాయి పేరు అట్టడుగున పడింది, ఇంటికెళ్లి ఏడ్చిందట. 2006లో గిడ్, బ్రాట్కో అనే స్లొవేనియా పరిశోధకులు ప్రపంచ చాంపియన్ల ఎత్తులను కంప్యూటర్‌తో కొలిస్తే కాపాబ్లాంకా ముందు నిలిచాడు. ఆయన పొజిషన్లు తేలిగ్గా ఉండేవన్న సంగతినీ వాళ్లు లెక్కలోకి తీసుకోవాల్సి వచ్చింది. మేం ఆ పాటి ఆలోచన కూడా చేయలేదు. మరుసటి ఆదివారమే పట్టిక పీకేసి ఆ అమ్మాయికి సారీ చెప్పాం.

వచ్చే ఏడాది ఎవరి షీటు వాళ్ల చేతికే ఇస్తాం. ఇంజిన్‌లో పెట్టే ముందు ఎక్కడ దెబ్బ తిన్నామో పిల్లలే పెన్సిల్‌తో గుర్తు పెట్టాలి. పాత లాప్‌టాప్ ఎవరింట్లోనైనా ఊరికే పడి ఉంటే ఇప్పించండి. ఉన్నది ఒక్కటే, అదీ చార్జర్ కదిలితే ఆగిపోతోంది.

కార్యదర్శి