కార్డు వెతికి పెట్టిన తమ్ముడికి, మా దీదీకి

మాది రాయగడ. ఈ నాలుగు మాటలు నెల రోజుల కిందటే రాయాల్సింది. కూర్చున్న ప్రతిసారీ ఏడుపొచ్చి ఫోన్ పక్కన పెట్టేశాను.

మా పాపకి రెండేళ్ళు నిండినా మాటలు రాలేదు. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, రెండు భాషల మధ్య పిల్ల తికమక పడుతోందిలే అన్నారు అందరూ. మేమూ నమ్మాం. నమ్మనిది ఒక్క అంగన్‌వాడీ దీదీ. పిల్లలకిచ్చే ఛతువా పిండి ప్యాకెట్టు కోసం వెళ్ళిన రోజు, పాప వెనక నిలబడి స్టీలు పళ్ళెం మీద గరిటెతో గట్టిగా కొట్టింది. మిగతా పిల్లలంతా ఉలిక్కిపడ్డారు. మా పాప తలెత్తలేదు. రేపే విశాఖ తీసుకెళ్ళమంది దీదీ.

బెరా అనే వినికిడి పరీక్షలో రెండు చెవులకీ వినికిడి బాగా తక్కువని తేలింది. మాది మేనరికం. చుట్టాలకి ఇక వేరే కారణం అక్కర్లేకపోయింది. జన్యు పరీక్షలో ఏమీ తేలకపోయినా ఆ మాట ఆగలేదు. బావా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయిన రోజులవి.

మెదడు స్కాన్ చూశాక డాక్టర్ గారికి సీఎంవీ అనే వైరస్ మీద అనుమానం వచ్చింది. చిన్నపిల్లల ఉమ్మి, మూత్రం ద్వారా పెద్దవాళ్ళకి అంటుకుంటుంది, చాలామందికి వచ్చినట్టే తెలియదు. కడుపులో బిడ్డకీ సోకి, వినికిడి దెబ్బతీయవచ్చు. చిక్కేమిటంటే, పుట్టిన 21 రోజుల్లోపు పరీక్షలో కనబడితేనే అది కడుపులో సోకిందని గట్టిగా చెప్పగలరు. ఆ తర్వాతైతే పుట్టాక తగిలిందో ఏమో తేల్చలేరు. "పుట్టినప్పుడు మడమ మీద గుచ్చి రక్తం తీశారా?" అని అడిగారు. నా పురుడు విశాఖలో, పుట్టింట్లోనే. తీశారు. మూడో రోజున తీసిన ఆ చుక్కల్ని కార్డు మీద ఎండబెట్టి ల్యాబుకి పంపారు. ఎండిన రక్తంలో వైరస్ డీఎన్‌ఏ ఏళ్ళ తరబడి నిలుస్తుందట, కార్డు ఉంటే ఆ డీఎన్‌ఏని పట్టే పీసీఆర్ పరీక్ష చేయిద్దామన్నారు. నెగెటివ్ వచ్చినంత మాత్రాన వైరస్ సోకలేదని అనుకోకూడదని కూడా ముందే చెప్పారు.

పాప పేరుతో వెతికితే కార్డు లేదన్నారు. అక్కడితో అయిపోయిందనుకున్నాను. రెండ్రోజుల తర్వాత ల్యాబులో పనిచేసే తమ్ముడు తనే ఫోన్ చేశాడు. "అక్కా, మూడో రోజున పిల్లకి పేరెక్కడుంటుంది? 'బేబీ ఆఫ్' అని రాసి పక్కన మీ పేరుంది. దొరికింది." డ్యూటీ అయ్యాక కూర్చుని పెట్టెలన్నీ దించి వెతికాడట. ఫొటో పంపాడు. అట్టలాంటి కాగితం మీద అయిదు గుండ్రాలు, ఎండి గోధుమరంగుకి తిరిగిన రక్తం. రెండింటికి అప్పటి పరీక్షల కోసం తీసిన చిన్న చిన్న చిల్లులు. మూడు నిండుగా ఉన్నాయి.

పాజిటివ్ వచ్చింది. మూడో రోజునే పాప రక్తంలో వైరస్ ఉంది. ఆ రాత్రి బావ రిపోర్టు అత్తకి చదివి వినిపించాడు. ఆవిడ ఏమీ అనలేదు. వచ్చి నా పక్కన కూర్చుంది.

ఈ వైరస్‌కి తొలి వారాల్లో మొదలుపెట్టే మందు ఉంది. దానికి మేం ఆలస్యమైపోయాం, ఆ బాధ పోదు. కానీ వినికిడి ఇంకా తగ్గే అవకాశం ఉందని, చెవులూ కళ్ళూ తరచూ చూపించాలని ఇప్పుడు తెలుసు. పాపకి వినికిడి మిషన్లు పెట్టించాం.

తమ్ముడూ, నీ రుణం తీర్చుకోలేను. డాక్టర్ గారూ, మీకు చేతులెత్తి నమస్కారం. మాలాంటి వాళ్ళెవరైనా ఉంటే, కార్డు పారేయకముందే ల్యాబుని అడగండి. తల్లి పేరుతో వెతకమనండి.

దీదీకి తెలుగు చదవడం రాదు. రేపు వెళ్ళి ఇదంతా ఒడియాలో నేనే చెప్తాను.