చెవి మిషన్ బ్యాటరీకి కూడా ఊపిరి ఆడాలి

సంపాదకులు గారికి నమస్కారం,

ఫోన్ బ్యాటరీ ఎక్కువసేపు రావాలంటే ఏం చెయ్యాలో మీ పేపర్లో చాలాసార్లు వేశారు, అవన్నీ చదివాను గానీ నా చెవిలో ఉన్న బ్యాటరీ గురించి ఎవరూ ఒక్క ముక్క రాయగా నేను చూళ్ళేదు. అందుకే నేనే మొదలెట్టా, కాస్త పొడుగైనా వేసుకోండి.

రెండు చెవులకీ మిషన్లు పెట్టుకోబట్టి నాకు ఆరేళ్ళయింది. ఇచ్చిన రోజున చెవిలో ఎలా పెట్టుకోవాలో, సౌండ్ ఎలా పెంచుకోవాలో ఓపిగ్గా చూపించారు, బ్యాటరీ దగ్గరికొచ్చేసరికి మాత్రం "స్టిక్కర్ పీకి లోపల పెట్టెయ్యండి, అంతే" అన్నారు. ఆ "అంతే" నమ్ముకుని రెండేళ్ళు బ్యాటరీలు తగలేశాను.

నేను చేసిన ఘనకార్యం చెప్తా, నవ్వుకోండి. నా వేళ్ళకి ఆ స్టిక్కర్ ఓ పట్టాన రాదు, అందుకని ఒకరోజు తీరిగ్గా కూచుని అట్ట మీదున్న ఆరు బ్యాటరీలకీ ఒకేసారి స్టిక్కర్లు పీకేసి, చల్లగా ఉంటే పాడవ్వవు కదా అని కాయితంలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టా. మొదటి జత బానే వచ్చింది, రెండోది నసిగింది, మూడో జత మూడు రోజులు కూడా రాలేదు. నాసిరకం అంటగట్టారని అమ్మినాయన మీదకి పోట్లాటకెళ్ళాను కూడా, పాపం ఆయనకీ తెలీదు ఎందుకలా అయిందో.

తర్వాత ఒక ఆడియాలజిస్ట్ అమ్మాయి, అంటే వినికిడి పరీక్షలు చేసే ఆవిడ, పూసగుచ్చినట్టు చెప్పింది. వీటిని జింక్-ఎయిర్ బ్యాటరీలంటారట. మామూలు సెల్లులో కావాల్సిన సరుకంతా లోపలే ఉంటుంది, దీంట్లో మాత్రం ఉండేది జింక్ పొడి, దానికి కావాల్సిన రెండోది గాలిలో ఉన్న ఆక్సిజన్, అది ప్లస్ గుర్తున్న వైపు సన్న బెజ్జాల్లోంచి లోపలికెళ్తుంది. సగం సరుకు బయట గాలిలోనే దొరుకుతుంది కాబట్టే ఇంత చిన్న బిళ్ళ అన్ని రోజులు లాగుతుంది. ఆ స్టిక్కర్ ఉంది చూశారూ, అది ఆ బెజ్జాలకి మూత. ఒకసారి పీకామంటే ఖర్చు మొదలైనట్టే, మళ్ళీ అంటిస్తే కాస్త నెమ్మదిస్తుందేమో గానీ పూర్తిగా ఆగదు. నేను ఆరింటికీ ఒకేసారి మూతలు తీసేసి, పైగా ఫ్రిజ్ చెమ్మలో పెట్టాను, ఇక అవి ఉంటాయా!

ఇంకో సంగతి, పీకిన వెంటనే మిషన్లో పెట్టి తలుపు బిగించెయ్యకూడదు. బెజ్జాలు పైకి ఉండేట్టు టేబుల్ మీద పెట్టి మూడు నుంచి ఐదు నిమిషాలు ఆగాలి, గాలి లోపలికెళ్ళి వోల్టేజ్ పూర్తిగా పైకొచ్చాక అప్పుడు పెట్టుకోవాలి. నాకైతే ఇలా ఆగడం మొదలెట్టాక దాదాపు ఒక రోజు కలిసొచ్చింది, అందరికీ అంతే వస్తుందని చెప్పలేను. పట్టుకునే ముందు చేతులు తుడుచుకోండి, జిడ్డు అంటితే ఆ బెజ్జాలు పూడుకుపోతాయి.

ఇక ఎన్ని రోజులు రావాలి అన్నదాని మీద మా తోటివాళ్ళలో ఎప్పుడూ గొడవే, నీకు రెండు వారాలొస్తే నాకు వారమే ఎందుకు అని. అసలు సైజు చూసుకోరు. స్టిక్కర్ రంగు చూస్తే తెలిసిపోతుంది, పసుపు 10 నంబరు, గోధుమరంగు 312, నారింజ 13, నీలం 675. పదో నంబరుది నాలుగైదు రోజులొస్తే గొప్ప, 675 అయితే రెండు వారాల పైన కూడా లాగుతుంది. నాది 312, వారం వస్తే సంతోషం. దానికి తోడు వినికిడి ఎంత తగ్గితే మిషన్ అంత కష్టపడాలి, పైగా బ్లూటూత్‌లో ఫోన్లు, పాటలు నేరుగా చెవిలోకే విన్నారంటే బ్యాటరీ గబగబా తాగేస్తుంది. నేను గంటలు గంటలు క్రికెట్ కామెంటరీ విని మర్నాడు బ్యాటరీని తిట్టుకునేవాణ్ణి. మిషన్ సరిగ్గా కూచోక కుయ్‌మని కూస్తున్నా వృథా ఖర్చే.

టక్కున ఆగిపోతుందని చాలామంది కంప్లయింటు. అది మోసం కాదండీ, ఈ రకం బ్యాటరీ వోల్టేజ్ చివరిదాకా ఇంచుమించు ఒకేలా ఉండి అప్పుడు ఒక్కసారిగా పడిపోతుంది. ముందు బీప్ కొడుతుంది కదా, అది వినపడగానే మార్చుకోవడమే. కొన్నిసార్లు బ్యాటరీ తప్పే ఉండదు, గొట్టంలో గులిమి అడ్డం పడి సౌండు తగ్గుతుంది, మనం వాల్యూం పెంచుకుంటూ పోయి ఆఖరికి మంచి బ్యాటరీని చెత్తబుట్టలో పడేస్తాం. నేను ఎన్ని పడేశానో లెక్కలేదు.

రాత్రి తీసేశాక బ్యాటరీ తలుపు తెరిచి ఉంచండి, మిషన్ ఆగుతుంది, లోపలి చెమ్మా ఆరుతుంది. తేమ లాగే డబ్బీ వాడేవాళ్ళు మాత్రం బ్యాటరీ బయటికి తీసి మిషన్ ఒక్కటే అందులో పెట్టాలి, లేకపోతే బ్యాటరీ లోపలి నీటి శాతం కూడా ఎండిపోయి అది ముందే చస్తుంది. జేబులో చిల్లరతో, తాళాలతో కలిపి వేసుకు తిరగొద్దు, రెండు వైపులా ఇనుము తగిలితే ఖాళీ అయిపోద్ది.

ఇంత చెప్పాక ఒకటి, నా ఫ్రెండు ఒకాయన బ్యాటరీ మిగలాలని మిషన్ జేబులో పెట్టుకుని తిరుగుతాడు, ఎవరైనా పలకరిస్తే అప్పుడు తీసి తగిలించుకుంటాడు, ఈలోగా వాళ్ళు చెప్పాల్సింది చెప్పేసి వెళ్ళిపోతారు. అది పొదుపు అంటే నేనొప్పుకోను. పైగా రోజంతా పెట్టుకుంటేనే ఆ శబ్దాలు అలవాటవుతాయి, అప్పుడప్పుడు పెట్టుకునేవాడికి గిన్నె చప్పుడు కూడా బాంబులాగే ఉంటుంది. ఛార్జింగ్ మిషన్లు వచ్చాయి కదా అంటారు, నిజమే, రాత్రి పెడితే పగలంతా వస్తాయి, కానీ పాత మిషన్లు వాడేవాళ్ళం ఇంకా చాలామందిమే ఉన్నాం.

అందుకే నా మనవి, మిషన్ అమ్మేవాళ్ళు ఈ నాలుగు సంగతులూ పెద్దక్షరాలతో తెలుగులో ఒక కాయితం మీద వేసి ఇవ్వాలి. అట్ట వెనకాల చీమతలకాయంత అక్షరాలు ఈ వయసులో ఎవరికి కనపడతాయండీ? అదే కాయితంలో ఇంకో మాట అన్నిటికంటే పైన వెయ్యాలి. ఈ బ్యాటరీలు మాత్రలున్న డబ్బా పక్కన పెట్టొద్దు. నేనొక పొద్దున కళ్ళజోడు లేకుండా మాత్రనుకుని బ్యాటరీని నోటిదాకా తీసుకెళ్ళాను, చల్లగా తగిలి అనుమానమొచ్చి ఆగా. పిల్లలున్న ఇంట్లో అయితే వాడేసినవి కూడా అందకుండా దాచాలి, ఎవరైనా మింగితే బయటికొస్తుందిలే అని చూడకుండా ఆ నిమిషమే ఆస్పత్రికి పరిగెత్తాలి.

ఇట్లు,
రెండు చెవుల మిషన్ల పాఠకుడు