చెరువు పూడ్చే ముందు ఒకసారి డాబా ఎక్కండి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ఆరో తరగతి బి సెక్షన్‌లో నలుగురు పిల్లలకి డెంగీ వచ్చిన సంగతి మీకందరికీ తెలుసు. నేను చెప్పేలోపే వాట్సాప్ గ్రూపులు చెప్పేశాయి, అదీ నలుగురిని పద్నాలుగు మందిని చేసి. ఆ నలుగురూ ఆస్పత్రి నుంచి ఇళ్లకి వచ్చేశారు, కోలుకుంటున్నారు. తప్పిపోయిన పాఠాల నోట్సు తోటి పిల్లలే రాసిపెడుతున్నారు, ఆ టెన్షన్ పెట్టుకోకండి.

ఇప్పుడు అసలు సంగతి. స్కూలు వెనక చెరువుని పూడ్పించాలని, గట్టు మీద చెట్లు కొట్టించాలని కోరుతూ సంతకాలతో ఒక అర్జీ నా బల్ల మీదికి వచ్చింది. పిల్లల మీద బెంగతోనే ఇచ్చారు, కాదనను. కానీ చేసింది ఒకరైతే శిక్ష ఇంకొకరికి వేయమంటున్నారు.

దోమలన్నీ ఒకటి కాదు. ఒక్కోదానికి ఒక్కో నీరు కావాలి. డెంగీని మోసే ఏడిస్ దోమ, అదే కాళ్ల మీద తెల్ల చారలుండేది, చెరువు జోలికి పోదు. చెరువులో చేపలుంటాయి, తూనీగ పిల్లలుంటాయి, లార్వాలు, అదే నీటిలో పెరిగే దోమ పిల్లలు, కనిపిస్తే మింగేస్తాయి. ఏడిస్‌కి కావాల్సింది చిన్న పాత్రలో కదలకుండా ఉన్న మంచినీళ్లు. మూతలేని గోలెం, డ్రమ్ము, కూలర్, మనీప్లాంట్ సీసా, ఫ్రిజ్ వెనక ట్రే, డాబా మీద పారేసిన టైరు. గుడ్లని నీటి అంచుకి కాస్త పైన, పాత్ర గోడకి అంటిస్తుంది. మీరు నీళ్లు పారబోసినా ఆ గుడ్లు ఎండిపోయి నెలల తరబడి అలాగే ఉండి, మళ్లీ నీళ్లు తగలగానే పొదుగుతాయి. అందుకే ఒంపేస్తే సరిపోదు, పీచు పెట్టి గోడలు తోమాలి. ఈ వాతావరణంలో గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు చాలు. పైగా ఇది దూరాలు ఎగిరే రకం కాదు, పుట్టిన చోటికి వందా రెండొందల మీటర్లలోనే తిరుగుతుంది. ఆ నలుగురు పిల్లల ఇళ్లూ ఒకే కాలనీలో ఉన్నాయి, చెరువుకి కిలోమీటరు పైనే దూరం. ఆ కాలనీకి కుళాయి రోజు విడిచి రోజు వస్తుంది. నీళ్లు పట్టి నిలవ చేసుకోక ఏం చేస్తారు? పట్టుకోండి, మూత పెట్టండి, అంతే నేననేది.

ఈ మాట నేను పుస్తకం చూసి చెప్పడం లేదు. మన తొమ్మిదో తరగతి ఎకో క్లబ్ పిల్లలు ఆదివారం పూట టార్చిలైట్లు, గరిటెలు, తెల్ల గిన్నెలు పట్టుకుని ఆ కాలనీకి వెళ్లారు. నీళ్లు ముంచి గిన్నెలో పోసి, తల కిందికి వేలాడుతున్న లార్వాలు ఏవి, నీటి మీద అడ్డంగా పడుకున్నట్టు ఉండే మలేరియా దోమ లార్వాలు ఏవి అని విడివిడిగా రాసుకున్నారు. ఒక ఇంటావిడ "మా ఇంట్లో దోమలేంటమ్మా" అని తలుపు వేయబోతే, గుమ్మం పక్కన వాడకుండా వదిలేసిన రోట్లో వాననీళ్లు చూపించి, చెయ్యి నీడ పడేలా పెట్టింది ఒక అమ్మాయి. అప్పటిదాకా కదలకుండా ఉన్నవన్నీ మెలికలు తిరుగుతూ గబగబా అడుక్కి పోయాయి. ఆవిడ రోలు బోర్లించేసి, పిల్లలందరికీ మజ్జిగ ఇచ్చి పంపించారు. ఆ పిల్లలే చెరువులోనూ ముంచి చూశారు, ఏడిస్ లార్వా కనిపించలేదు. నలుగురి ముందు మాట్లాడడానికే భయపడే పిల్లలు వీళ్లు! పెద్దవాళ్లం ఇంత ఓపిగ్గా ఏ పనైనా చేసి ఎన్నాళ్లయింది?

ఆగస్టు 20 అసెంబ్లీలో వీళ్లే నాటిక కూడా వేశారు. 1897లో అదే తేదీన రొనాల్డ్ రాస్ సికింద్రాబాద్‌లో దోమ పొట్ట కోసి అందులో మలేరియా క్రిమిని కనిపెట్టిన కథ. దోమకి ఒక అణా చొప్పున తీసుకుని కుట్టించుకున్న మలేరియా రోగి హుసేన్ ఖాన్ వేషానికి స్టేజి మీద వచ్చినన్ని చప్పట్లు రాస్‌కి రాలేదు.

ఆ రోజు అందరికంటే బాగా మాట్లాడింది మాత్రం మన హాస్టల్లో ఉండి ఏడో తరగతి చదువుతున్న పాడేరు వైపు అమ్మాయి. కొండల్లో వాన జోరుగా ఉన్నప్పుడు గెడ్డ, అదే కొండవాగు, ఉరుకుతుంది, లార్వాలు కొట్టుకుపోతాయి. వానలు తగ్గి, గెడ్డ నెమ్మదించి, రాళ్ల మధ్య తేట నీళ్లు నిలిచాకే అక్కడి మలేరియా దోమలకి పండగ. అందుకే మన్యంలో చలికాలం వచ్చినా దోమతెర తీయరని చెప్పింది. వరిపొలాల్లోది వేరే లెక్క. ఆ నీటిలో పుట్టే క్యూలెక్స్ రకాలు కొంగల నుంచి, పందుల నుంచి మెదడువాపు వైరస్‌ని మనుషులకి తెస్తాయి. ఊరి మురుగుకాలవల్లోది ఇంకోటి, మన తీరంలో పాతతరం వాళ్లు చూసిన బోదకాళ్లు దాని పుణ్యమే. ఇన్ని రకాల నేల ఉన్న జిల్లాల్లో ఉంటూ, ఏ దోమ కుట్టినా చెరువునే తిట్టడం ఏం న్యాయం?

చెరువుని ఏమీ చేయనక్కర్లేదని కూడా నేననను. తూర్పు గట్టున గుర్రపుడెక్క పేరుకుంది, పక్క వీధి మురుగు అక్కడే కలుస్తోంది. ఆ మూల క్యూలెక్స్ పెరుగుతుంది. గుర్రపుడెక్క వేళ్లకి గొట్టం గుచ్చి ఊపిరి పీల్చుకునే మాన్సోనియా దోమ లార్వా కూడా పెరగొచ్చు. దానికి మందు కలుపు తీయడం, మురుగు మళ్లించడం, చేపలు వదలడం. కేరళలో చేర్తల దగ్గర బోదకాలు తగ్గించడానికి జనమే చెరువుల్లో కలుపు లాగి, చేపలు పెంచారు. పూడ్చలేదు. పూడిస్తే వాననీళ్లు మాయమైపోతాయా? పల్లంలోనే నిలుస్తాయి. ఆ పల్లంలో అపార్ట్‌మెంట్ లేస్తుంది. సెల్లార్‌లో, లిఫ్ట్ గుంటలో, క్యూరింగ్‌కి స్లాబు మీద కట్టిన మడుల్లో నీళ్లు చేరతాయి. చేప లేదు, తూనీగ లేదు, ఏడిస్‌కి అంతకంటే ఏం కావాలి! మా పిల్లలు పక్షుల పేర్లు నేర్చుకున్నది ఆ గట్టు మీదే. వేసవిలో చుట్టుపక్కల బోర్లలో నీళ్లున్నాయంటే దానివల్లే. నేను ఈ కుర్చీలో ఉన్నన్నాళ్లూ పూడ్చే కాగితం మీద నా సంతకం పడదు.

ఇక మీతో రెండు మాటలు, కోపం తెచ్చుకోకండి. జ్వరం ఉన్న పిల్లవాడికి పొద్దున్నే పారాసెటమాల్ వేసి బస్సెక్కించేస్తున్నారు. పదకొండు గంటలకి మందు దిగిపోతుంది, వాడు బెంచీ మీద తల వాల్చేస్తాడు. అటెండెన్స్ నేను చూసుకుంటాను, దయచేసి ఇంట్లో ఉంచండి. ఏడిస్ పగలే కుడుతుంది కనుక, డెంగీ ఉన్న పిల్లవాడిని క్లాసులో కుడితే ఆ దోమ కొన్నాళ్లకి పక్కవాళ్లకీ అంటిస్తుంది. జ్వరం తగ్గిందని సంబరపడి మళ్లీ ఆటలకి పంపకండి, డెంగీలో జ్వరం దిగే రోజులే జాగ్రత్తగా చూడాల్సినవి. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం కనిపిస్తే బొప్పాయి ఆకు రసం కాదు, వెంటనే ఆస్పత్రి. ఫాగింగ్ చేయించమని రోజూ ఫోన్లు చేసేవారికి: పొగ ఎగిరే దోమలనే చంపుతుంది, మీ గోలెంలో ఉన్నవాటికి తెలియను కూడా తెలియదు. చవితికి ఇంట్లో బకెట్లో నిమజ్జనం చేసేవాళ్లు ఆ నీళ్లు మర్నాడే మొక్కలకి పోసేయండి, పోయినేడు దీపావళి దాకా ఉంచిన ఇళ్లు నాకు తెలుసు.

అర్జీలో సంతకం పెట్టినవారంతా శనివారం పేరెంట్స్ మీటింగ్‌కి రండి, చెరువు గురించి మాట్లాడదాం. వచ్చేటప్పుడు మీ ఇంటి ట్యాంకు మూత ఫొటో ఒకటి ఫోన్లో తీసుకురండి. మూత లేనివారికి మన పిల్లలు వలగుడ్డ ఎలా కట్టాలో చూపిస్తారు.

క్వార్టర్లీ పరీక్షల టైమ్‌టేబుల్ డైరీలో అంటించాం, బస్సు ఫీజు బాకీ ఉన్నవారు ఈ నెలాఖరులోగా కట్టండి, శుక్రవారం డ్రై డే, అంటే నీళ్ల తొట్లన్నీ ఖాళీ చేసి తోమే రోజు, కాబట్టి ఆ రోజు కుళాయిలు మధ్యాహ్నం దాకా రావు, పిల్లలకి రెండు వాటర్ బాటిళ్లు ఇచ్చి పంపండి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు