పెద్ద బాలశిక్ష అయ్యాక ఏ పుస్తకం ఇవ్వాలి?

ఎడిటర్ గారికి నమస్కారం.

మా అన్నయ్య కూతురు బెంగళూరులో పుట్టి పెరిగింది. బళ్లో కన్నడం చదువుకుంది కాబట్టి మన అక్షరాలు తొందరగానే పట్టేసింది. పెద్ద బాలశిక్ష అయింది, వేమన పద్యాలు కొన్ని నోటికొచ్చాయి, ఇక పోతన చదువుతానంటే సంబరపడి గజేంద్రమోక్షం తెచ్చిచ్చాను. "ఎవ్వనిచే జనించు జగమెవ్వని లోపలనుండు లీనమై" దగ్గరే ఆగిపోయింది. ఏంటా అని చూస్తే, ఫోన్‌లో నిఘంటువు తెరిచి "జగమెవ్వని" అనే మాట కోసం వెతుకుతోంది! "అత్తా, ఇందులో లేదు" అంది. జగము, ఎవ్వని అని విడదీసి చెప్పాను, అంతే, రెండో పాదంలో "పరమేశ్వరుడెవ్వడు" వచ్చేసరికి తనే విడగొట్టుకుంది. పుస్తకంలో మధ్యమధ్య కనబడే ఆ అరసున్న (ఁ) ఎలా పలకాలని మాత్రం అడిగింది.

సరే, దీనికి చిన్న వ్యాకరణం పుస్తకం కొందామని షాపుకెళ్తే, పేరులో బాల ఉందని కాబోలు, బాలవ్యాకరణం చేతిలో పెట్టారు. 1858లో చిన్నయసూరి రాసిన ఆ గ్రంథమంటే నాకెంతో గౌరవం, కానీ "ఉత్తున కచ్చు పరంబగునపుడు సంధియగు" అని ఉంటే ఈ పిల్లకి ముందు ఆ సూత్రానికే అర్థం చెప్పాలి. పద్యం దగ్గర తను రెండు నిమిషాల్లో పట్టుకున్నది, ఉ తర్వాత అచ్చు వస్తే ఆ ఉ పోయి రెండు మాటలూ కలిసిపోయే ఆ ఉత్వసంధే కదా! పోనీ ఇప్పటి తెలుగు గురించి కావాలంటే చేకూరి రామారావు గారి "తెలుగు వాక్యం" అనే పుస్తకం ఉంది, అది భాషాశాస్త్రం కొంత తెలిసినవాళ్లకి. మన సాహిత్య చరిత్ర చెప్పే ఆరుద్ర "సమగ్రాంధ్ర సాహిత్యం" సంపుటాలు చూసి అయితే హడలిపోయింది.

అంటే మొదటి మెట్టు ఉంది, పై మెట్లు ఉన్నాయి, నడుమ మెట్లే దొరకడం లేదు. ఇంగ్లీష్ మీడియంలో చదివి పెద్దయ్యాక తెలుగు మీద మనసు పడ్డవాళ్లు మన ఊళ్లలోనే ఎంతమంది లేరు? తెలుగు అకాడమీ గానీ, తెలుగు విశ్వవిద్యాలయం గానీ, ప్రచురణకర్తలు గానీ, ఒక్కో కవివి ఓ పాతిక పద్యాలు తీసుకుని, పదాలు విడదీసి, వాడుక భాషలో అర్థం రాసి, ఆ పద్యంలోనే కనబడే సంధి ఒకటి కింద చెప్పి, వంద పేజీల్లో ఇవ్వండి. అట్ట మీద ఇది ఎవరి కోసమో, దీనికి ముందు ఏం చదివి ఉండాలో రెండు లైన్లు వెయ్యండి. ఇలాంటివి ఇప్పటికే ఉంటే తెలిసిన టీచర్లు దయచేసి మీ పేపరు ద్వారా చెప్పాలి, సంక్రాంతి సెలవులకి పిల్ల మళ్లీ వస్తోంది.

ఇట్లు,
ఒక పాఠకురాలు, గుంటూరు