98 శాతం పోయాక మిగిలింది ఎంత?

సంపాదకులకు నమస్కారం.

రసాయనికంగా మార్పు చేసిన సిలికా (ఇసుకలో ఉండే పదార్థమే) పొడి నీళ్లలోని సీసాన్ని 98 శాతం తీసేస్తుందని మీ విజ్ఞానం పేజీలో చదివాను. అదే పొడితో ఆరేళ్లు కుస్తీ పట్టి, తర్వాత కెమిస్ట్రీ పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని. ఊరుకోలేక రాస్తున్నాను.

ముందుగా పదం సంగతి. సిలికా లోహాన్ని ‘పీల్చుకుంటుంది’ అని రాశారు. పీల్చుకునేది స్పంజి, దాన్ని శోషణం అంటాం. ఇక్కడ జరిగేది అధిశోషణం. లోహ అయాన్ లోపలికి ఇంకదు, పైపొరను పట్టుకుని ఉంటుంది. ఉత్త సిలికా పైన చదరపు నానోమీటరుకు దాదాపు 5 హైడ్రాక్సిల్ సమూహాలుంటాయి (ఆక్సిజన్, హైడ్రోజన్ జంటలు) గానీ వాటి పట్టు అంతంతమాత్రం. సిలేన్ అనే సిలికాన్ సమ్మేళనం సాయంతో వాటికి అమైన్‌నో (నత్రజని ఉన్న సమూహం) థయోల్‌నో (గంధకం ఉన్నది) తగిలించాక గాని అసలు పని మొదలవదు. అమైన్ తగిలించిన తెల్ల పొడిని కాపర్ సల్ఫేట్ ద్రావణంలో వేస్తే చూస్తుండగానే నీలంగా మారుతుంది. ఎన్నేళ్లు చూపించినా, పిల్లలకంటే నాకే ఎక్కువ సరదా. థయోల్‌లోని గంధకానికైతే పాదరసం అంటే ప్రాణం, సోడియం, కాల్షియంల ఊసే పట్టదు.

ఇంతకీ ఆ 98 శాతం ఏ పిహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) దగ్గర? వ్యాసంలో లేదు. ఆమ్లత్వం ఎక్కువైతే అమైన్ ప్రోటాన్‌ను (హైడ్రోజన్ అయాన్‌ను) తగిలించుకుంటుంది, ఇక లోహానికి చోటు లేదు. పిహెచ్ 9 దాటితే సిలికాయే కరగడం మొదలవుతుంది. మధ్యలో ఇంకో ఉచ్చుంది, అందులో నేనే పడ్డాను. మొదటి ఏడాది పిహెచ్ 7.5 దగ్గర రాగి దాదాపు అంతా మాయమైంది. సంబరంగా గ్రాఫు పట్టుకెళ్తే మా గైడుగారు, ‘పొడి వెయ్యకుండా ఒకసారి చేసి చూడమ్మా’ అన్నారు. చేశాను. అప్పుడూ మాయమైంది! రాగి హైడ్రాక్సైడుగా అవక్షేపమై వడపోత కాగితం మీద ఆగిపోతోంది. నా పొడి ఘనత ఏమీ లేదు. మూడు నెలల గ్రాఫులు చించేశాను.

శాతం సంగతీ అలాంటిదే. లీటరుకు 50 మిల్లీగ్రాముల సీసం ఉన్న నీటిలో 98 శాతం పోతే 1 మిల్లీగ్రాము మిగులుతుంది. తాగునీటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి లీటరుకు 0.01 మిల్లీగ్రాము. ఇంకా వంద రెట్లు ఎక్కువే కదా! పోయింది ఎంతో కాదు, మిగిలింది ఎంతో రాయండి. లీటరుకు ఎన్ని గ్రాముల పొడి వేశారో కూడా.

వాడిన పొడిని మళ్లీ వాడుకోవచ్చన్నారు, నిజమే. రాగిని పట్టిన అమైన్ పొడిని పలుచటి ఆమ్లంతో కడిగితే రాగి వదిలేస్తుంది. థయోల్‌ను పట్టిన పాదరసం అంత తేలిగ్గా వదలదు. గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లమో, ఆమ్లంలో కలిపిన థయోయూరియానో కావాలి. ఏదైనా సరే, కడిగిన ద్రావణంలోకి దిగేది ఆ లోహమే, మరింత చిక్కగా. దాన్ని ఎక్కడ పోస్తారో ఆ పరిశోధకులను అడిగి రాయమని మీ విలేఖరికి చెప్పండి.

ఇట్లు,
ఒక విశ్రాంత రసాయనశాస్త్ర అధ్యాపకురాలు