రొయ్య ఎర ఎందుకు తీసేశానంటే

అందరికీ నమస్కారం. మూడు వారాల నుంచి నా గాలాల షాపుకొచ్చి "ఫ్రిజ్‌లో రొయ్య ప్యాకెట్ లేదేటి" అని అడిగినోళ్ళందరికీ స్టాక్ అయిపోయిందని చెప్తున్నాను కదా, అది అబద్ధం. స్టాక్ ఉంది, నేనే తీసేశాను. ఎందుకో చెప్పడానికి మొహం చెల్లక ఇన్ని రోజులు నాన్చాను.

ఆ 40 రూపాయల ప్యాకెట్లు ఎక్కడివో మీరెవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. రొయ్యల చెరువులో తెల్లమచ్చ వైరస్ రోగం కనబడగానే రైతు హడావుడిగా పట్టుబడి చేసేస్తాడు, సైజు రాలేదు కాబట్టి రేటు పలకదు, అందులో మిగిలిన చిన్న రొయ్య నాకు చాలా చవగ్గా వచ్చేది. వైరస్ మనిషికి రాదు, చేపకీ రాదు, మరి ఎరగా వేస్తే నష్టమేటి అనుకున్నాను. లాభం బాగుంది కాబట్టి అంతకంటే ఎక్కువ ఆలోచించలేదు, అదీ నిజం.

గార వైపు చెరువులున్న పెద్దాయన ఒకరు ఆదివారం పూట సరదాగా గాలం వేయడానికి వస్తుంటారు. ఆయన ప్యాకెట్ విప్పి, ఒక రొయ్య తల మీద పెంకు ఊడదీసి వెలుతురుకి పట్టి చూపించారు, లోపలి వైపు తెల్లగా చుక్కలు. "ఏటి బాబూ, మా చెరువులోది తీసుకెళ్ళి మళ్ళీ మా చెరువు మీదకే వదుల్తున్నావేటి" అన్నారు, కోపంగా కూడా కాదు. ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

సంగతేమిటంటే తెల్లమచ్చ వైరస్ ఫ్రిజ్‌లో గడ్డ కట్టినా చావదు. మనం కళింగపట్నం మొగ దగ్గర (ఏరు సముద్రంలో కలిసే చోట) కూర్చుని ఎర వేస్తాం, సగం ఎర గాలం నుంచి ఊడిపోతాది, పోయేటప్పుడు మిగిలింది నీళ్ళలోకే విసిరేస్తాం (నేనూ విసిరినోడినే). దాన్ని పీతలు, అడవి రొయ్యలు తింటాయి, పీతకి పైకి ఏమీ కనబడకపోయినా వైరస్ మోస్తూనే ఉంటాది, పోటు మీద ఆ నీళ్ళు కాలవల్లోకి ఎక్కుతాయి, అదే నీటిని మోటారు పెట్టి చెరువుల్లోకి తోడుకుంటారు. ఒకసారి చెరువులో పడిందంటే వారం పది రోజుల్లో మొత్తం తుడిచిపెట్టుకుపోవచ్చు. మన దేశంలో ఈ రోగం 1994 నుంచీ ఉంది, అంచేత కొత్తగా నా ప్యాకెట్టే తెచ్చిందని అనను గాని, ఉన్న మంటలో పుల్ల వేసినోళ్ళలో నేనూ ఉండొచ్చు కదా. 2016 చివర్లో ఆస్ట్రేలియాలో లోగన్ నది పక్క రొయ్యల ఫారాల్లో ఇదే రోగం దిగింది, బయట దేశాల నుంచి తినడానికి తెచ్చిన పచ్చి రొయ్యని ఎవరో ఎరగా వాడి ఉంటారన్న అనుమానం గట్టిగా వచ్చింది, ఆ తర్వాత అక్కడి పచ్చి రొయ్యల్ని పీతల్ని ఆ ఏరియా దాటనివ్వలేదు. మనకి ఆపేవాడు లేడు కాబట్టి మనమే ఆపుకోవాలి.

ఉన్న ప్యాకెట్లన్నీ కాలవకి దూరంగా గొయ్యి తీసి సున్నం వేసి పాతిపెట్టాను. ఇకనుంచి షాపులో ఎరకి కవళ్ళు, కానాగంతలు అనే సముద్రపు చేపలు మాత్రమే ఉంటాయి, అవీ ఒడ్డున పడవల దగ్గర కొన్నవే, అంటే ఈ సముద్రంలోవే. ముక్కలు కోసి రాళ్ళుప్పు పట్టించి ఒక రాత్రి ఉంచితే గట్టిపడి గాలానికి బాగా నిలుస్తాది. పండుగప్పకి బతికున్న ఎరే కావాలంటారా, అక్కడే విసురు వలతో చిన్న చేప పట్టుకుని అక్కడే వాడండి, మిగిలింది అక్కడే వదిలేయండి, బకెట్‌లో పెట్టి ఇంకో మొగకి మాత్రం మోసుకెళ్ళొద్దు.

రెండోది, మీరు తిట్టి వెనక్కి ఇచ్చిన సర్కిల్ హుక్‌ల గురించి, అదే మొన లోపలికి వంగి గుండ్రంగా ఉండే గాలాలు. "చేప తగిలినట్టే ఉంటాది, లాగితే ఊడొచ్చేస్తాది" అన్నారు. తప్పు నాదే, ఎలా వాడాలో చెప్పకుండా అమ్మేశాను. మామూలు గాలంలాగ జెర్క్ ఇవ్వకూడదు. చేప ఎర తీసుకుని పోతుంటే తాడు బిగుసుకోనిచ్చి, నెమ్మదిగా రీల్ తిప్పుతూ ఉంటే ఆ లోపలికి వంగిన మొన గొంతులోంచి జారుకుంటూ వచ్చి మూతి మూలన పట్టుకుంటాది. ఎర మొత్తం గాలం మీద కుక్కేయకుండా మొన బయటికి ఉంచాలి. పైగా నేను తెచ్చిన మొదటి బాక్సులో మొన పక్కకి ఒంగినవి ఉన్నాయి, అలాంటివి లోతుగా దిగే చాన్స్ ఎక్కువ, అవి తెచ్చిస్తే తిన్నగా ఉన్నవి మార్చి ఇస్తాను.

ఇంత తంటా ఎందుకంటే, పండుగప్ప ముందు మగదిగా పెరిగి కొన్నేళ్ళకి ఆడదిగా మారుతుంది, అంటే మీరు ఫొటో దిగే ఆ పెద్ద చేపలు దాదాపు అన్నీ గుడ్లు పెట్టేవే. దాన్ని వదలాలనుకుంటే బతికేలాగ వదలాలి కదా. చేతులు తడుపుకుని పట్టుకోండి, పొడి చేత్తో పడితే ఒంటి మీద జిగురు పోతాది. గాలం మింగేసిందంటే లోపలికి చెయ్యి పెట్టి పీకకండి, మూతి దగ్గర తాడు కోసేసి వదిలేయండి, పీకడం కంటే అలా వదిలిందే ఎక్కువ బతుకుతాది. అందుకే స్టెయిన్‌లెస్ గాలాలు కూడా మెల్లగా తగ్గిస్తున్నాను, తుప్పు పట్టేదైతే కొన్నాళ్ళకి దానంతట అదే పోయే అవకాశం ఉంటాది. తుప్పు పడుతుందని నాకు కంప్లైంట్ మాత్రం చేయొద్దు బాబూ.

ఇంట్లో పాత రొయ్య ప్యాకెట్లు ఉన్నోళ్ళు నీళ్ళలో పారేయకుండా తెచ్చి ఇవ్వండి, విప్పినదైనా 40 రూపాయలు ఇచ్చేస్తాను. వచ్చే ఆదివారం షాపు ఉండదు, పొద్దున్నే మొగ దగ్గరే ఉంటాను, సర్కిల్ హుక్‌కి కవళ్ళ ముక్క ఎక్కించడం చూడాలనుకుంటే అక్కడికి వచ్చేయండి.