పాత ఇంజిన్‌కు చిక్కటి ఆయిల్ మందు కాదు

సంపాదకులకు నమస్కారం.

వింటేజ్ కారులో ఆయిల్ ప్రెషర్ తగ్గిందనగానే ఇంకాస్త చిక్కటి ఆయిల్ పోయమనే సలహా తరచూ వినిపిస్తోంది. బాగుచేసుకోదగ్గ ఇంజిన్లు దానివల్ల పాడవుతున్నాయి, అందుకే ఈ ఉత్తరం. చిక్కటి ఆయిల్‌తో గేజ్ ముల్లు లేస్తుంది, నిజమే. కానీ ముల్లు చూపేది ఒత్తిడినే, బేరింగులకు ఎంత ఆయిల్ అందుతోందో చెప్పదు. చల్లగా ఉన్న ఇంజిన్‌ను స్టార్ట్ చేసినప్పుడు ఆ ఆయిల్ ఇంజిన్ పైభాగంలో వాల్వులను ఆడించే రాకర్ షాఫ్ట్ దాకా ఎక్కేసరికి ఆలస్యమవుతుంది. అరుగుదల ఎక్కువగా జరిగేది అప్పుడే.

ముందు సంప్, అంటే ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి, విప్పాలి. 1930ల నాటి చాలా ఇంజిన్లకు ఫిల్టరే లేదు. ఆ తర్వాత కొన్నేళ్లు వచ్చినవాటిలోనూ చాలావాటికి బైపాస్ రకమే, పంపు తోడినదాంట్లో కొంత భాగమే దాని గుండా వెళ్తుంది. డిటర్జెంట్ (మురికిని కరిగించి తనలో తేలేలా ఉంచే రసాయనం) లేని ఆయిల్‌తో ఏళ్ల తరబడి నడిచిన ఇంజిన్ అడుగున మడ్డి పేరుకుంటుంది. కడగకుండా డిటర్జెంట్ ఆయిల్ పోస్తే ఆ మడ్డి కదిలి, పంపు ఆయిల్ పీల్చే చోట ఉండే జల్లెడను (స్ట్రైనర్) మూసేస్తుంది, బేరింగులు ఎండిపోతాయి. సంప్, స్ట్రైనర్ కిరోసిన్‌తో కడిగి ఆరబెట్టి, కొత్త ఆయిల్ పోసి, 500 కిలోమీటర్లకే దాన్ని మార్చేయాలి.

సంప్ విప్పినప్పుడే ఆయిల్ పంపునూ చూడాలి. గేర్లకు, మూతకు మధ్య సందు 0.1 మి.మీ. దాటితే వేడెక్కి పలచబడ్డ ఆయిల్ వెనక్కి జారిపోతుంది. మూతపై గాడి పడితే గాజు పలక మీద ఎమరీ కాగితం పరిచి చదునుగా రుద్దుకోవచ్చు. ఒత్తిడి మించితే తెరుచుకునే రిలీఫ్ వాల్వ్ స్ప్రింగ్ కింద, ప్రెషర్ పెంచాలని వాషర్లు పెట్టడం మాత్రం వద్దు. వేడి మీద ఐడిలింగ్‌లో ప్రెషర్ పడిపోయినప్పుడు ఆ వాల్వ్ ఎలాగూ మూసే ఉంటుంది. పంపు, వాల్వ్ సీటు బాగుంటే, కారుతున్నది అరిగిన బేరింగుల దగ్గర.

ఇక ఆయిల్ ఎంపిక. వాల్వులను తెరిచే ఫ్లాట్ ట్యాపెట్లు, తిరిగే క్యామ్ మీద రాసుకుంటూ నడుస్తాయి, వాటిని కాపాడేది ఆయిల్‌లో కలిపే, జింక్, ఫాస్ఫరస్ ఉన్న జెడ్‌డీడీపీ అనే రసాయనం. పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్లను ఫాస్ఫరస్ పాడుచేస్తుంది కాబట్టి, 2004లో వచ్చిన ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) ఎస్‌ఎమ్ ప్రమాణం నుంచి 5డబ్ల్యూ-30, 10డబ్ల్యూ-30 లాంటి పల్చటి గ్రేడుల్లో ఫాస్ఫరస్‌ను 800 పీపీఎమ్‌కు (పది లక్షల భాగాల్లో 800) కట్టడి చేశారు. చిక్కటి 20డబ్ల్యూ-50కి ఆ పరిమితి లేదు. ఫాస్ఫరస్ 1000 నుంచి 1200 పీపీఎమ్ ఉన్న ఆయిల్‌ను, తయారీదారు మాన్యువల్ చెప్పిన చిక్కదనంలోనే ఎంచుకోవాలి. దానిపై మరో సీసా జింక్ పోయడం అనవసరం, మోతాదు మించితే అదీ హానే. వాల్వ్ స్ప్రింగులు మెత్తగా ఉండే, రెండో ప్రపంచ యుద్ధానికి ముందరి సైడ్ వాల్వ్ (సిలిండర్ పక్కన వాల్వులు ఉండే) ఇంజిన్లకు ఈ అరుగుదల బెడద తక్కువ. 1950లు, 60ల ఓవర్‌హెడ్ వాల్వ్ (సిలిండర్ పైన వాల్వులు ఉండే) ఇంజిన్లకే అసలు భయం.

నెలల తరబడి కదలని కారును నేరుగా స్టార్ట్ చేయవద్దు. స్పార్క్ ప్లగ్గులు తీసి, ఒక్కో సిలిండర్‌లో చిన్న చెంచాడు ఆయిల్ వేసి, ఇగ్నిషన్ కాయిల్ వైరు విప్పి, గేజ్ ముల్లు లేచేదాకా స్టార్టర్‌తో తిప్పాలి. ఒక్కో విడత 10 సెకన్లు మించకూడదు, మధ్యలో మోటారు చల్లారాలి. కంప్రెషన్ ఉండదు కాబట్టి బేరింగులపై పెద్దగా బరువు పడదు. మూడు నాలుగు విడతలకూ ముల్లు కదలకపోతే పంపులో ఆయిల్ జారిపోయి గాలి నిండిందన్నమాట. పంపులోకి మళ్లీ ఆయిల్ నింపి, ప్రెషర్ కనిపించాకే ప్లగ్గులు బిగించాలి.

– ఒక పాఠకుడు